రెండో కాలు

సిరిసిల్ల,
ఫిబ్రవరి మొదటి వారం.

మరదలు రేవతికి, దేవవ్వ వదినె రాసేది.

నువ్వు ఆదిలాబాద్ బస్సెక్కి పోయాక ఇల్లు బోసిపోయిందని రాస్తాననుకున్నావేమో. లేదు, హాయిగా ఉంది. "వదినె మెల్లగ, వదినె జర కూసో" అని చెవిలో అరిచేవాళ్లు లేరు. ఫోన్ మాత్రం చేయకు. నీ మాట నాకు వినబడదు, నా మాట వీధంతా వింటుంది. సగం జన్మ సాంచాల మోతలో నిలబడ్డ చెవులివి. కరెంటు మగ్గం పక్కన ఒక్క పూట నిలబడితే నీకూ తెలుస్తుంది. ఉత్తరమే మనకు సుఖం.

నేను మళ్లీ పనిలోకి పోయాను. ఎడమ తొడ రక్తనాళంలో వేసిన జాలీ గొట్టం, అదే స్టెంటు, బాగా పనిచేస్తుంది. వేసిన నెలకే అది మూసుకుపోతే అదే గజ్జలో మళ్లీ సూది పొడిచి బాగుచేశారు కదా, అక్కడ కమిలిన నీలం కూడా తగ్గుముఖం పట్టింది. ఇంతకుముందు షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి పోయేలోపు పిక్క పట్టేసి గోడ పట్టుకునేదాన్ని. ఇప్పుడు గోడ అవసరం లేదు.

మా షెడ్డు ఆసామి హనుమండ్లు నన్ను చూడగానే నూలు కండెల బుట్ట ముందుకు తోశాడు. "దేవవ్వా, గీడ కూసొని కండెలు సుట్టుకో. సాంచాలు నడుపుడు మొగోళ్ల పని. అండ్ల నీ కాలు ఖరాబున్నది" అన్నాడు. "నా మొగడు సచ్చిననాడు గూడ గిదే మాటన్నవ్. గప్పుడు నడిపిన, గిప్పుడు నడుపుత. నా నాలుగు సాంచాలు నాకియ్యి" అన్నాను. ఇచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు, తెగిన పోగును నాలా కనిపెట్టే మనిషి ఆయన షెడ్డులో ఇంకొకరు లేరు.

కాస్త జ్వరం తగిలింది. పొద్దున మంచు పడుతుంది కదా, అదే. బుచ్చవ్వ చిన్నత్త మిరియాల కషాయం కాచి ఇచ్చింది. నీ బిడ్డ వనితకు ఎన్నో నెల వచ్చింది? దాన్ని పుల్లటివి ఎక్కువ తిననివ్వకు.

దేవవ్వ


ఆదిలాబాద్,
ఫిబ్రవరి మధ్యలో.

దేవవ్వ వదినెకు రేవతి దండాలు, వాటి వెనకే రెండు మొట్టికాయలు.

హనుమండ్లుకు నువ్వు ఇచ్చిన జవాబు చదివి మా ఆయన అంబదాస్ పడీపడీ నవ్వాడు. పక్కింటి మరాఠీ తాయికి వాళ్ల మాటలో చెప్తే ఆమె కూడా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. నాలుగు సాంచాల గొప్ప అంత పొడుగున రాసి, జ్వరాన్ని ఆఖరులో ఒక్క ముక్కలో దాచావు. నీ సంగతి నాకు తెలియదా?

కరీంనగర్ దవాఖాన నుంచి ఇంటికి పంపే రోజు డాక్టర్ సాగర్ ఏం చెప్పాడో నీకు వినబడలేదు, నేను విన్నాను. మళ్లీ రాస్తున్నా. "లోపల పెట్టింది లోహం. దానికి క్రిమి పట్టుడు శానా తక్కువ. పడితే మాత్రం మామూలు గోలీలకు లొంగదు. ఈమెకు ఒకే జాగల రెండుసార్లు పొడిచినం, మందు పోయెతందుకు గొట్టం ఒక పూటంతా లోపల్నే ఉంచినం, షుగర్ గూడ ఉన్నది. జ్వరమొచ్చినా, గజ్జల వాపొచ్చినా ఎవల దగ్గరికీ పోకుండ మా దగ్గరికే రండి" అన్నాడు. నీ చెవిలో చెప్తే తలూపావు. వినబడనప్పుడు నువ్వు తలూపే తీరు వేరే ఉంటుంది, ఆ రోజు ఊపింది అదే.

మంచుకు జ్వరం వస్తే ఆదిలాబాద్‌లో ఒక్కరూ బతికి ఉండకూడదు, ఇక్కడ పడే చలికి. కరీంనగర్ పోయి చూపించుకో. గజ్జ ఎట్లా ఉందో నిజం రాయి. వనితకు తొమ్మిదో నెల పడబోతుంది, నేను ఇల్లు కదలలేను. అందుకే నా కోపమంతా కాగితం మీద పెడుతున్నా.

రేవతి


సిరిసిల్ల,
మార్చి.

రేవతీ,

నువ్వు భయపెట్టినట్టు ఏమీ కాలేదు. వీధి చివర సూదులు వేసే ఆర్‌ఎంపీ కైలాసం ఉన్నాడు కదా, ఆయన గోలీలిచ్చాడు. వేసుకున్నన్ని రోజులు ఒళ్లు చల్లగా ఉంది. ఆపితే మళ్లీ కాగింది. మళ్లీ గోలీలు, మళ్లీ చల్లన. ఇంతదానికి కరీంనగర్ దాకా ఎందుకని ఊరుకున్నాను.

ఇప్పుడు అసలు కారణం తెలిసింది, నువ్వు ఫికర్ పెట్టుకోకు. తల్లి పోసింది, ఆటలమ్మ. ఎడమ పాదం మీద, వేళ్ల మీద, అరికాలిలో ఎర్రటి చుక్కలు లేచాయి. బుచ్చవ్వ చిన్నత్త చూసి చేతులు జోడించింది. "ఎండలు ముదురుతున్నయ్. తల్లి ఊరు తిరిగే కాలమిది. సల్లంగ జూడు తల్లీ" అన్నది. ఇక మన ఇంటి పద్ధతి నీకు తెలియనిదా? గుమ్మానికి వేపమండలు కట్టింది. పొయ్యి మీద పోపు లేదు, నాకు పెరుగన్నం. తల్లి దిగేదాకా సూది లేదు, గోలీ లేదు, దవాఖాన పేరెత్తొద్దు, నేను గడప దాటొద్దు. కైలాసం కూడా బయటి నుంచే దండం పెట్టి పోయాడు.

తల్లి నా మీద దయే చూపింది. ముఖం మీద, వీపు మీద ఒక్క చుక్క లేదు. గజ్జలో బిళ్ల కట్టింది. కాలికి ఏదైనా అయితే బిళ్ల కట్టడం మామూలే కదా. కాకపోతే ఈ బిళ్ల వేలు పెడితే ఎగురుతుంది, సాంచలో నాడె అటూ ఇటూ ఉరికి కొట్టినట్టు టక్కు టక్కుమంటుంది. నరేశ్‌కు చూపిద్దామంటే కొడుకాయె, సిగ్గు. నీకే రాస్తున్నా.

నా సాంచాలు ఇంకొకరికి ఇవ్వకుండా చూడమని నరేశ్‌ను హనుమండ్లు దగ్గరికి పంపాను. జ్వరానికి అక్షరాలు వంకర పోతున్నాయి, ఏమనుకోకు.

దేవవ్వ


ఆదిలాబాద్,
నీ ఉత్తరం అందిన రోజే.

వదినె,

దీన్ని పోస్టులో వేయడం లేదు. ఆర్టీసీ కార్గోలో పంపుతున్నా, నరేశ్‌ను రేపు తెల్లారగానే బస్టాండుకు పోయి తెమ్మన్నా. కూర్చుని చదువు. చదివాక మాత్రం ఒక్క నిమిషం కూడా ఆ ఇంట్లో కూర్చోకు.

నీ రెండు పాదాలు పక్కపక్కన పెట్టి చూడు. వనిత చిన్నగా ఉన్నప్పుడు దానికి తల్లి పోస్తే వేపాకు పరిచి పక్కన కూర్చున్నది నువ్వే కదా. మొదట ఎక్కడ లేచాయి? కడుపు మీద, వీపు మీద, ముఖం మీద. కాళ్లకు ఆఖరున దిగాయి, అవీ రెండు కాళ్లకు. నీకేమో ఒక్క ఎడమ కాలికే, అదీ గొట్టం పెట్టిన కాలికే. తల్లి మన ఇంటికి వస్తే ఒక్క కాలి మీద కుంటుకుంటూ వస్తుందా? నాకూ తల్లంటే భక్తే. ఆమె చేయని పనిని ఆమె మీద వేయడమే నాకు నచ్చడం లేదు.

బిళ్ల ఎగరదు వదినె. నువ్వు రాసిన ముక్కను డాక్టర్ సాగర్‌కు ఫోన్‌లో చదివి వినిపించాను. సగంలోనే ఆపాడు. "ఒక్క కాలికేనా? వాపు కొట్టుకుంటుందా? అమ్మా, ఇది ఆగే సంగతి కాదు. ఎంటనే తీస్కరండి. నడిపియ్యకుండ్రి, వాపును పిసుకకుండ్రి" అన్నాడు. అది పగిలితే రక్తం ఆగదట.

నరేశ్‌కు ఫోన్ చేశాను. "అత్తా, తల్లి ఇంట్ల ఉండంగ దవాఖానకు తీస్కపోతె పానం మీదికస్తదని బుచ్చవ్వ బాపమ్మ ఏడుస్తుంది. అవ్వ గూడ రానంటుంది. నేనేం జెయ్యాలె?" అన్నాడు. అంబులెన్స్ పంపినా నువ్వు గడప దాటనంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? నేనే వచ్చి రెక్క పట్టుకొని లాగేదాన్ని. వనితకు నొప్పులు మొదలయ్యాయి, ఇది దవాఖాన వరండాలో కూర్చొని రాస్తున్నా. అందుకే లేవాల్సింది నువ్వే.

మా అన్న పోయిన నాడు వీధి వీధంతా అడ్డం నిలబడి ఆడదానివి సాంచాలు నడుపుతావా అంటే, వాళ్లందరినీ దాటి పోయిన మనిషివి నువ్వు. ఎండిన వేపమండను దాటలేవా? తల్లికి కోపమొస్తే నా మీదికి రమ్మను. మా ఇంటి తొవ్వ చెప్పు, నేను జవాబు చెప్పుకుంటా.

నాకు చాలా భయంగా ఉంది. నువ్వు లేకుండా పుట్టింటి పేరు చెప్పుకోవడానికి నాకు ఎవరూ మిగలరు. లే.

రేవతి


కరీంనగర్, దవాఖాన,
మార్చి ఆఖరు.

రేవతీ,

లేచాను.

నీ కాగితం చదివి రెండు పాదాలు గచ్చు మీద పక్కపక్కన పెట్టాను. ఎడమదాని మీద ఎర్రచుక్కలు, చిటికెన వేలు, దాని పక్క వేలు నల్లబడి ఉన్నాయి. కుడిది కడిగిన పళ్లెం లాగా ఉంది. ఇన్ని రోజులు నేను ఆ రెండో కాలు వైపే చూడలేదు. చిన్నత్తను పిలిచి చూపించాను. "చిన్నత్తా, తల్లి గీ కాలికెందుకు రాలే?" అని అడిగాను. ఆమె వంగి కుడి కాలిని తడిమింది, వేళ్ల సందులు చూసింది, చీర పైకి జరిపి మోకాలు చూసింది. తరువాత వీపు చూసింది.

"ఆటో పిలువు" అని నరేశ్ మీద అరిచాను. వాడు బాపమ్మ ముఖం చూశాడు. "బాపమ్మ మొకం జూసుడు గాదు, నా కాలు జూడు. తల్లి కోపం జేస్తె నన్ను జేస్తది. నిన్నెవలేమనరు, నడువు" అన్నాను. వీధిలో ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని చూస్తున్నారు. డాక్టర్ నడవొద్దన్నాడు కాబట్టి నరేశ్, ఆటో అతను నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. కుర్చీ గుమ్మం దాకా వచ్చేసరికి చిన్నత్తే ముందుకొచ్చి మండలు తెంపింది. "తల్లికి నేను జెప్పుకుంట. నువ్వు పో" అన్నది. పో అన్న మనిషి తానూ ఆటో ఎక్కింది. ఇప్పటికీ వార్డు బయట బల్ల మీద వేపరెమ్మ పట్టుకొని కూర్చుంది, నర్సులు దాన్ని లోపలికి తేనివ్వడం లేదు.

ఇక్కడ ముందు మందు ఎక్కించలేదు, రక్తం తీసి సీసాల్లో పోశారు. ఏ క్రిమో తేలాలంటే మందుకు ముందే తీయాలట. కైలాసం గోలీలు క్రిమిని చంపలేదు, జ్వరాన్ని మాత్రం దాచాయట. తరువాత రంగు మందు ఎక్కించి స్కానింగు చేశారు. డాక్టర్ సాగర్ నాకు వినబడదని పలక తెచ్చుకొని బొమ్మ గీశాడు. గొట్టానికి క్రిమి పట్టింది. అక్కడ రక్తనాళం గోడ కరిగి సంచిలా ఉబ్బింది, అదే నా ఎగిరే బిళ్ల. క్రిమి ముక్కలు రక్తంతో కిందికి కొట్టుకుపోయి పాదంలో చిక్కుకున్నాయి, అవే నా తల్లి చుక్కలు.

గొట్టం లోపల ఉన్నన్ని రోజులు ఎంత మందు పోసినా క్రిమి చావదట. గొట్టం తీయాలి, చెడ్డ రక్తనాళం కూడా తీయాలి. తీస్తే పాదానికి రక్తం పోయే తొవ్వ ఉండదు. అందుకని కుడి కాలి లోపలి నుంచి ఒక సిర తీసి, చీము పట్టిన చోటు తప్పించి కొత్త తొవ్వ వేస్తారట. అది నిలిస్తే కాలు ఉంటుంది. నిలవకపోతే మోకాలి పైన తీసేస్తారు. మత్తులోనే పోయే ప్రమాదం కూడా ఉందని దాచకుండా పలక మీద రాశాడు.

నరేశ్ ఏడ్చాడు. "అవ్వా, కాలు పోతె పోనీ. ముందుగాల్నే తీసెయ్యమందాం. నాకు నువ్వుండాలె" అన్నాడు. వాడి తల నిమిరి డాక్టర్ వైపు తిరిగాను. "సారూ, పానం మీదికస్తె కాలు తియ్యుండ్రి, నేను వద్దన. గానీ సులువని తియ్యకుండ్రి. ముందుగాల నిలిపెతందుకు కొట్లాడుండ్రి, మీతోని నేను గూడ కొట్లాడుత" అన్నాను. ఆయన నవ్వలేదు. పలక తుడిచి, సరే అని రాశాడు.

రేపు ఆపరేషన్. భయం లేదని రాస్తే నువ్వు నమ్మవు, కాబట్టి రాయడం లేదు. వనిత సంగతి ఇంకా తెలియలేదు.

దేవవ్వ


ఆదిలాబాద్,
ఏప్రిల్.

వదినె,

నీ మరదలు అమ్మమ్మ అయింది. ఆడపిల్ల. వనిత బాగుంది. పిల్ల కాళ్లు ఎట్లా తన్నుతుందంటే, అంబదాస్ చూసి "గిది దేవవ్వ కాలే" అన్నాడు. పక్కింటి తాయి నువ్వుల లడ్డూలు తెచ్చి నోట్లో కుక్కింది. ఒక కంటితో నవ్వుతూ ఒక కంటితో నరేశ్ ఫోన్ కోసం చూస్తూ ఆ రోజు గడిపాను.

ఆపరేషన్ అయింది, పాదం వెచ్చగా ఉంది అని వాడు చెప్పినప్పుడు నేను దవాఖాన మెట్ల మీద కూర్చొని గట్టిగా ఏడ్చాను. రెండు వేళ్లు తీసేశారని కూడా చెప్పాడు. వదినె, నాకు ఆ రెండు వేళ్ల మీద కోపంగా ఉంది. ముందు వచ్చిన జ్వరానికే నువ్వు పోయి ఉంటే అవి ఉండేవి. ఈ మాట ఇప్పుడు అనకూడదని అంబదాస్ అన్నాడు. నేను అంటాను. నిన్ను మెత్తగా చూసుకునేవాళ్లు నీకు చుట్టూ ఉన్నారు, నేను ఆ పనికి పనికిరాను.

సిర ద్వారా మందు ఆరు వారాలు ఎక్కాలట. తరువాత నెలల తరబడి గోలీలు. నాలుగో వారానికే నీకు బాగున్నట్టు అనిపిస్తుంది, లేచి సాంచాల దగ్గరికి పోతానంటావు. పోయావంటే చంటిపిల్లను చంకనేసుకొని వచ్చి షెడ్డు ముందు కూర్చుంటా. హనుమండ్లు నీ సాంచాలు ఎవరికో ఇచ్చాడని నరేశ్ చెప్పాడు. నీకు చెప్పొద్దన్నాడు. దాచడం వల్ల ఇప్పటిదాకా మనకు జరిగింది చాలు, అందుకే చెప్తున్నా.

ఇక మీద నాకు బాగున్నాను అని రాయకు. ఎట్లా ఉందో రాయి.

రేవతి


సిరిసిల్ల,
జూలై.

రేవతీ,

ఎట్లా ఉందో రాస్తున్నా.

ఎడమ గజ్జలో పెద్ద మచ్చ. కుడి కాలికి తొడ నుంచి పిక్క దాకా కుట్ల గీత, సిర తీసింది అక్కడే. ఎడమ పాదానికి మూడు వేళ్లు. నడుస్తుంటే పాదం కొంచెం బయటికి వాలుతుంది. చీలమండ దగ్గర వేలు పెడితే నాడి కొట్టుకుంటుంది. నాకు చెవులు పోయినా వేళ్లతో వింటాను, పొద్దున లేవగానే మొదట వినేది దాన్నే. ఆరు వారాల మందులో ఒక్క చుక్క వదల్లేదు. నాలుగో వారం నువ్వు అన్నట్టే ఇంటికి పోతానని గొడవపడ్డాను. నర్సమ్మ నీ ఉత్తరం నా ముందు పెట్టి పోయింది, నరేశ్ చెప్పి ఉంటాడు. మళ్లీ స్కానింగు చేస్తే క్రిమి జాడ లేదు. అయినా డాక్టర్ పిలిచినప్పుడల్లా పోవాలి, పోతున్నా.

మొన్న షెడ్డుకు పోయాను. హనుమండ్లు మళ్లీ కండెల బుట్ట చూపించాడు. "వేళ్లు గూడ పాయె గదనే, ఇంకెట్ల నడుపుతవ్?" అన్నాడు. "నీ సాంచాలను నేను కాలి వేళ్లతోని నడిపిన్నా ఎన్నడన్న?" అని అడిగాను. షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారట, నరేశ్ చెప్పాడు. రెండు సాంచాలిచ్చాడు. డాక్టర్‌ను అడిగితే ఇప్పటికి రెండు చాలు, మధ్య మధ్య కూర్చోవాలి అని రాసిచ్చాడు. సరే అన్నాను. మిగిలిన రెండూ నావే, అవి ఇంకొకరు నడుపుతున్నారు అంతే. డాక్టర్ ఒప్పుకున్న రోజు పోయి అడుగుతా.

చిన్నత్త పోచమ్మకు బోనం ఎత్తింది. "తల్లి రాకున్న వచ్చిందని నిందేసిన గదా, తప్పు కాయమని మొక్కుకోవాలె" అన్నది. నేనూ వెంట నడిచాను, గుడి దాకా, తిరిగి ఇంటి దాకా. వీధిలో ఆడవాళ్లు మళ్లీ చూశారు. నేను చీర కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకొని నడిచాను, రెండు కాళ్లూ కనబడేలా.

నిన్న ఎదురింటి కోడలు నవీన గుమ్మంలోకి వచ్చింది. జ్వరమట, కాలి మీద ఎర్రగా లేచిందట, తల్లి పోసిందేమో, మండలు కట్టడానికి పెద్దమనిషి రావాలంది. చిన్నత్త లేవలేదు. నన్ను కళ్లజోడు తెమ్మన్నది. ఆ పిల్లను వెలుతురు పడే చోట అరుగు మీద కూర్చోబెట్టి, తాను కింద కూర్చొని, చీర అంచు పట్టుకొని అడిగింది.

"ముందుగాల రెండో కాలు సూపియ్యి బిడ్డా."

నీ వదినె
దేవవ్వ